అసిరయ్య మూడు వేళ్ళు

పోలారావూ విక్టరూ ఎప్పుడూ తలపడలేదు. తలపడే వీలూ లేదు. పోలారావు గ్లవ్స్ విప్పేసిన పద్ధెనిమిదేళ్ళకు గాని విక్టర్ గ్లవ్స్ తొడగలేదు. అయినా విశాఖపట్నం హార్బరు గేటు ఎదురుగా, నూకాలమ్మ ఇడ్లీ బండి దగ్గర, పాతికేళ్ళుగా ప్రతి ఆదివారం వాళ్ళిద్దరూ కొట్టుకుంటూనే ఉన్నారు. ఒక వారం పోలారావు రెండో రౌండులో పడగొడతాడు, మరో వారం విక్టర్ పాయింట్ల మీద గెలుస్తాడు. అదంతా ఆ పూట ఎవరి గొంతు బాగుందన్న దాని మీద ఉంటుంది.

పోలారావు పక్షానికి పెద్ద అసిరయ్య. వయసు డెబ్బై రెండు, కోపం మాత్రం పాతికేళ్ళ కుర్రాడిది. బండి వెనకాల ఉన్న బాక్సింగ్ క్లబ్బుకి కోచ్. యాభై ఏళ్ళ కిందట పోలారావుకి కార్నర్ మనిషి కూడా అతనే. అంటే రౌండుకీ రౌండుకీ మధ్య ఉన్న ఒక్క నిమిషంలో బాక్సరును స్టూలు మీద కూర్చోబెట్టి, నీళ్ళు పుక్కిలింపించి, మొహం తుడిచి, మళ్ళీ రింగులోకి పంపేవాడు. విక్టర్ పక్షానికి డేనియల్ మాస్టారు. ఆయన డ్రిల్లు మాస్టరుగా రిటైరయ్యారు. విక్టర్‌కి మొదటిసారి గ్లవ్స్ కట్టింది తానేనని రోజుకొకసారైనా చెప్పకపోతే ఆయనకి తిన్నది అరగదు. విక్టర్ పోయి ఆరేళ్ళయినా ఆ మాట మానలేదు.

"మీవోడు నిలబడి కొట్టీవోడండి మాస్టారూ. మావోడు నడుస్తా కొట్టీవోడు. నిలబడ్డోడు నడిసీవోడిని ఎక్కడ అందుకుంటాడండీ?" అంటాడు అసిరయ్య.

"నడిచేవాడు ఎటు నడుస్తాడో చూసి అక్కడ చెయ్యి పెట్టేవాడయ్యా మా విక్టర్," అంటారు మాస్టారు.

ఈ గొడవంతా వింటూ క్లబ్బు వరండాలో పేము కుర్చీలో ఓ మనిషి కూర్చుని ఉంటాడు. అతనే పోలారావు. చేతులు వణుకుతాయి, కళ్ళు ఎక్కడో ఉంటాయి. పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి పలుకుతాడు, ఒక్కోసారి పలకడు. కాని ఎవరైనా చెయ్యెత్తితే చాలు, "మూడు" అంటాడు. నూకాలమ్మ ఎన్ని ఇడ్లీలు వెయ్యమన్నావని అడిగినా మూడే, కూతురు టైమెంతయింది నాన్నా అన్నా మూడే.

దానికో కథ ఉంది. కుర్రతనంలో జెట్టీ మీద పనిచేస్తుండగా ఓడ మోకు బిగుసుకుని అసిరయ్య కుడిచేతి చివరి రెండు వేళ్ళూ పోయాయి. బాక్సరుకి స్పృహ సరిగ్గా ఉందా లేదా అని చూడడానికి కార్నర్ మనిషి వేళ్ళు చూపించి ఎన్నని అడుగుతాడు. అసిరయ్య ఎడమచేతిలో స్పాంజి ఉంటుంది, కుడిచేతికి ఉన్నవే మూడు. అందుకని మూడే చూపించేవాడు. తర్వాత్తర్వాత క్లబ్బులో అందరూ అదే పట్టుకున్నారు. పది వేళ్ళూ భేషుగ్గా ఉన్న కార్నర్ మనుషులు కూడా గురువు మీద గౌరవం కొద్దీ రెండు మడిచి మూడే చూపిస్తారు. భీమిలి నుంచి గాజువాక దాకా దాన్ని 'అసిరయ్య మూడు' అంటారు. పోలారావు నోట ఆ మాట విన్నప్పుడల్లా అందరూ నవ్వుతారు. అందరికంటే ఎక్కువ నవ్వేది అసిరయ్యే.

"సూసినారా? అన్నీ మర్సిపోనాడు గాని నా మాట మర్నేదు," అంటాడు గొప్పగా.

పాతికేళ్ళ గొడవకి ముగింపు పెడతానని వచ్చింది పోలారావు కూతురు సునంద. ఆమె యూనివర్సిటీలో మనిషి కదలికల మీద పరిశోధన చేస్తోంది. ఆమె కట్టిన యంత్రానికి ఏదో పొడుగాటి పేరుంది గాని, ఇడ్లీ బండి దగ్గర అందరూ 'సునంద రింగు' అనే అంటారు. పాత ఫిల్ము చూపిస్తే చాలు, అందులోని మనిషి ఎముకల పొడవు, ఊపిరి లెక్క, కన్ను చూసిన ఎంతసేపటికి చెయ్యి లేస్తుందన్నది, అన్నీ ఏరి ఆ మనిషికి నకలు తయారుచేస్తుంది. రెండు నకళ్ళను ఎదురెదురుగా పెడితే అవి నిజం మనుషుల్లాగే కొట్టుకుంటాయి. వచ్చే ఆదివారం సాయంత్రం క్లబ్బు గోడ మీద తెర కట్టి, ఊరందరి ఎదుటా పోలారావుకీ విక్టర్‌కీ పోటీ పెట్టాలని నిర్ణయమైంది.

ఊరికోసమే అంది సునంద. అది పూర్తి నిజం కాదు. ఆమె పుట్టేసరికే తండ్రి చేతులు వణుకుతున్నాయి. ఆయన కాళ్ళ మీద తేలుతూ నడవడం ఆమె ఎన్నడూ చూడలేదు, ఒక్కసారి చూడాలనుకుంది.

* * *

బుధవారం మధ్యాహ్నం లాబ్ నుంచి కబురొస్తే అసిరయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్ళాడు. తెర మీద ఇరవై నాలుగేళ్ళ పోలారావు నడుస్తున్నాడు. ఎడమ భుజం కొంచెం దించి, మడమ నేలకి ఆనీ ఆనకుండా.

"అదేనే నీ బాబు. అలగే నడిసీవోడు."

"బాబాయ్, ఇద్దరినీ వెయ్యిసార్లు ఆడించి చూశాను," అంది సునంద. ఆమె మొహంలో సంతోషం లేదు. "విక్టర్ ఎనిమిది వందల పన్నెండు సార్లు గెలిచాడు."

అసిరయ్య యంత్రాన్నీ, దాన్ని కట్టినవాళ్ళనీ, దానికి కరెంటు ఇస్తున్నవాళ్ళనీ కలిపి ఒక దులుపు దులిపాడు. విక్టర్ కొట్టే కుడిచేతి దెబ్బ ప్రతిసారీ పోలారావుకి తగులుతోంది. అది వస్తోందని చూస్తున్నాడు, చూసి కూడా తల ఆలస్యంగా తిప్పుతున్నాడు.

"పోలారావుకి దెబ్బ వొచ్చీముందే తెలిసిపోయీదే! ఈడు నీ బాబు కాదు. ఇంకెవుడినో ఎక్కించీసినావు ఇందులోకి."

సునంద తెర ఆపి అతని వైపు తిరిగింది.

"ఏమన్నావు బాబాయ్?"

"ఈడు పోలారావు కాదంతన్నాను."

"యంత్రం కూడా అదే అంది," అంది ఆమె నెమ్మదిగా. "మనకి మూడు రీళ్ళు దొరికాయి కదా. మొదటి రెండిట్లో ఉన్న మనిషీ, మూడో దాంట్లో ఉన్న మనిషీ ఒకడు కాదని చెప్పింది. పాత ఫిల్ము, దానికే ఏదో తేడా వచ్చిందనుకుని పట్టించుకోలేదు. రీళ్ళన్నిట్లోకీ మూడోదే పొడవు, అదే బాగా కనబడుతోంది. నకలు ఎక్కువగా దాంతోనే కట్టింది."

మూడో రీలంటే అసిరయ్యకి వేరే చెప్పక్కర్లేదు. అది రాష్ట్ర ఫైనలు. ముందురోజు సెమీఫైనల్లో ఒకసారి కింద పడి లేచి గెలిచిన పోలారావు, ఫైనల్లో చివరి రౌండుదాకా దెబ్బలు తిని, ఆఖరి అరనిమిషంలో ఎదుటివాణ్ణి పడగొట్టాడు. పాతికేళ్ళుగా ఇడ్లీ బండి దగ్గర అసిరయ్య చెబుతున్నది ఆ ఫైనలు గురించే. అతని జీవితంలో గొప్ప అని చెప్పుకోవడానికి ఆ తొమ్మిది నిమిషాలే ఉన్నాయి.

"బాగా సూడమ్మా," అన్నాడు. "తేడా ఏటో పట్టుకో. ఆదివారం నా పోలారావుని నాకు సూపించాలి నువ్వు."

* * *

శనివారం నాడు అసిరయ్యకి యంత్రం సంగతి గుర్తే లేదు. మునిసిపల్ స్టేడియంలో రాష్ట్ర పోటీల సెమీఫైనలు. క్లబ్బు తరఫున రింగులో ఉన్నది గౌరి. పంతొమ్మిదేళ్ళు, పెదజాలారిపేట పిల్ల, తల్లి రేవులో చేపల వేలం పాడుతుంది. ఈ పోటీ నెగ్గితే జాతీయ శిబిరానికి పిలుపొస్తుంది. క్లబ్బు నుంచి ఆ పిలుపు అందుకున్నవాళ్ళు విక్టర్ తర్వాత మరొకళ్ళు లేరు.

రెండో రౌండు చివర ఎదుటి పిల్ల కుడిచేతి దెబ్బ గౌరి కణతకి తగిలింది. గౌరి తాళ్ళ మీదకి ఒరిగి, మళ్ళీ నిలబడింది. అంతలో గంట కొట్టారు. అసిరయ్య స్టూలు వేసి కూర్చోబెట్టి, స్పాంజితో మొహం తుడిచాడు.

"ఎన్ని?"

"మూడు తాతా."

"శభాష్. ఎల్లు."

మూడో రౌండులో గౌరి విరుచుకుపడింది. పాయింట్ల మీద గెలిచింది. అసిరయ్య ఆ పిల్లని భుజాన ఎత్తుకోబోయి, నడుం పట్టేసి మానుకున్నాడు. ఫైనలు మర్నాడు మూడు గంటలకి. ఇంటికి వెళ్తుండగా సునంద ఫోను చేసి, పొద్దున్నే ఒకసారి లాబ్‌కి రమ్మంది. ఆమె గొంతు అదోలా ఉంది.

* * *

"మొదటి రెండు రీళ్ళలో నాన్న కంటికీ చేతికీ మధ్య సెకనులో అయిదో వంతు పడుతోంది," అంది సునంద. "ఫైనల్లో దాదాపు మూడో వంతు పడుతోంది. ముసలితనం వల్ల కాదు, రెండో రీలుకీ మూడో రీలుకీ మధ్య రెండు నెలలే. సెమీస్‌లో తగిలిన దెబ్బకి మెదడు అదిరింది. ఆ దెబ్బతోనే మర్నాడు మళ్ళీ రింగులోకి వెళ్ళాడు."

"నేదమ్మా. నాను సూసినాను గదా! ప్రతి రౌండుకీ అడిగినాను. మూడని సెప్పినాడు."

సునంద మూడో రీలు వేసింది. తెర మీద ఫైనలు, రెండో విరామం. స్టూలు మీద పోలారావు, అతని ముందు వంగి పాతికేళ్ళు కూడా నిండని అసిరయ్య. యంత్రం ఊపిరి లెక్క కోసం పెదవుల కదలికలను గుర్తుపెడుతుందని చెప్పి, ఆమె ఫిల్మును ఒక్కొక్క ఫ్రేమే జరిపింది.

పోలారావు పెదవులు కలిశాయి, ముందుకొచ్చాయి, విడిపోయాయి. మూడు అన్నాడు. అప్పటికి అసిరయ్య కుడిచెయ్యి ఇంకా బకెట్టు అంచు మీదే ఉంది. తర్వాత పదకొండు ఫ్రేములకి గాని ఆ చెయ్యి లేవలేదు. పోలారావు కళ్ళు ఆ చేతి వైపు రానే లేదు, పైన వెలుగుతున్న దీపం మీద ఉన్నాయి.

"మళ్ళీ ఎయ్యి," అన్నాడు అసిరయ్య.

వేసింది. చెయ్యి బకెట్టు మీదే ఉంది. నాలుగుసార్లు చూశాడు. నాలుగుసార్లూ చెయ్యి ఆలస్యంగానే లేచింది. అసిరయ్య తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, అది తనది కానట్టు చూసుకున్నాడు. ఆ చేతికి మూడే వేళ్ళని పోలారావుకి తెలుసు. అడక్కముందే తెలుసు. స్పృహ లేకపోయినా తెలుసు. ఆ జవాబు చూసి చెప్పనక్కర్లేదని ఇన్నేళ్ళలో తనకి ఒక్కసారి కూడా తట్టలేదు.

"సెమీస్ దెబ్బతో ఆగితే నెలలో కోలుకునేవాడేమో బాబాయ్. దాని మీద ఫైనల్లో తలకి ముప్పై ఏడు దెబ్బలు తగిలాయి, లెక్కపెట్టాను." సునంద ఫిల్ము ఆపేసింది. "నాకు పలకా బలపం కొన్నప్పుడు నాన్నని అడిగాను, నాకు ఎన్నేళ్ళు నాన్నా అని. మూడన్నాడు. అప్పటికి నాకు అయిదు. ఇంటిల్లిపాదీ నవ్వారు. నేనూ నవ్వాను."

అసిరయ్యకి క్షమించమనడానికి కూడా ఏదో అర్హత కావాలనిపించింది.

సునంద మొహం తుడుచుకుని, "ఆ రీలు తీసేసి, మిగతా రెండిటితో కూడా ఆడించాను," అంది. "నాన్న ఆరు వందల నలభై సార్లు గెలిచాడు. సాయంత్రం ఏది చూపించమంటే అది చూపిస్తాను. నువ్వే చెప్పు."

పాతికేళ్ళుగా అతను కోరుకున్నది అదే. తను ఊఁ అంటే చాలు. కాని అతను లేచి నిలబడి గోడ గడియారం చూస్తున్నాడు.

"గౌరి," అన్నాడు. "నిన్న నాను గౌరిని కూడా అలగే అడిగినాను."

* * *

గౌరి డ్రెస్సింగ్ గదిలో బెంచీ మీద కూర్చుని చేతులకి పట్టీ చుట్టుకుంటోంది. అసిరయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"ఎన్ని?"

"మూడు తాతా," అంది ఆ పిల్ల తల ఎత్తకుండా.

అలవాటు కొద్దీ అని ఉండొచ్చు. అసిరయ్య పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, నిన్న మూడో రౌండులో ఏటయ్యిందో సెప్పు."

"గెలిసినాను గదా."

"ఎలగ గెలిసినావు?"

గౌరి పట్టీ చుట్టడం ఆపింది. అప్పుడే మొదటిసారి ఆలోచించినట్టుంది. "రెండో గంట కొట్టినారు. తర్వాత... తర్వాత నువ్వు నా గ్లవ్స్ ఇప్పుతన్నావు." అసిరయ్య మొహం చూసి గబగబా అంది, "నానేటీ మర్సిపోనేదు తాతా! పొద్దున్నించీ కొంచెం కడుపులో తిప్పుతంది, అంతే. భయానికి అలగే ఉంటాది."

అసిరయ్య లేచి అధికారుల బల్ల దగ్గరికి వెళ్ళాడు. గౌరి ఫైనలు ఆడడం లేదని చెప్పాడు. వాళ్ళు నిర్ఘాంతపోయారు.

"డాక్టరుగారు చూసి సరేనన్నారు కదండీ అసిరయ్యగారూ."

"డాక్టరుగారు నిన్న రింగు కాడ నేరండి. నానున్నాను. కాయితం ఇయ్యండి."

సంతకం పెడుతుంటే గౌరి పరిగెత్తుకొచ్చి ఆ కాయితం లాక్కోబోయింది. ఏడ్చింది. తల్లిని పిలుచుకొచ్చింది. జనం గ్యాలరీలోంచి దిగివచ్చి చుట్టూ మూగారు. ముసలాడికి మతి పోయిందన్నారు, అవతలి క్లబ్బు దగ్గర డబ్బు తిన్నాడన్నారు. ఆ మాటకి ఇంకోరోజైతే అసిరయ్య ఆ మనిషి పళ్ళు రాలగొట్టేవాడు. ఇవాళ కాయితం మీద పేరు పూర్తిగా రాయడం ఒక్కటే చూసుకున్నాడు.

"పోలారావు తాతనైతే ఇలగ ఆపీవోడివా?" అని అరిచింది గౌరి.

"ఆపనేదు. అందుకే నిన్ను ఆపుతన్నాను."

గౌరికి అది అర్థం కాలేదు. ఆ పిల్ల చేతి పట్టీలు విప్పి అతని కాళ్ళ దగ్గర పడేసి వెళ్ళిపోయింది. అసిరయ్య వాటిని ఏరి చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నాడు. గేటు దగ్గర ఆ పిల్లనీ తల్లినీ ఆటోలో కూర్చోబెట్టి ఆసుపత్రికి పంపించి, తలకి స్కానింగు తీసేదాకా కదలొద్దని చెప్పాడు.

* * *

ఆరింటికి క్లబ్బు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. మధ్యాహ్నం సంగతి అప్పటికే అందరికీ తెలిసింది. అసిరయ్య వస్తుంటే చాలామంది మొహం తిప్పుకున్నారు. డేనియల్ మాస్టారు మాత్రం ముందు వరసలో కుర్చీ ఖాళీ చేసి ఇచ్చారు. వరండాలో పోలారావు తన మామూలు చోటులోనే ఉన్నాడు.

"ఏది వెయ్యను బాబాయ్?" అని సునంద చిన్నగా అడిగింది.

అసిరయ్య కూర్చోలేదు. తెర ముందుకి నడిచి జనం వైపు తిరిగాడు.

"ఈ మిషన్లో పోలారావులు ఇద్దరున్నారు," అన్నాడు. "ఒకడు దెబ్బ తగలకముందు వోడు. ఆడు మీ విక్టర్ని గెలుస్తాడండి మాస్టారూ. రెండో వోడు నాను ఫైనల్లో రింగులోకి తోసినోడు. ఆడు ఓడిపోతాడు. ఆడికి అప్పటికే తెలివి నేదు. నాను ఎన్నని అడిగితే మూడన్నాడు. నా సెయ్యి సూసి కాదు, నా సేతికి మూడే వేళ్ళని తెలిసి అన్నాడు. నాకది తెలవనేదు. యాబై ఏళ్ళు మీరందరూ ఆ మాటకి నవ్వినారు, నాను మీకంటే ఎక్కువ నవ్వినాను." చెయ్యెత్తి మూడు వేళ్ళూ చూపించాడు. "భీమిలి నుంచి గాజువాక దాకా నన్ను సూసి ఈ మూడు పట్టుకున్నారు. ఇయ్యాల్టితో మానీయండి. ఒకటి సూపించండి, నాలుగు సూపించండి, ఏదీ సూపించకండి. ఆడు సూసి సెప్పాల. సూడకుండా సెప్పితే తువ్వాలు రింగులోకి ఇసిరి ఆట ఆపీయండి. ఎవడేటన్నా ఇసిరీయండి."

డేనియల్ మాస్టారు తెర దగ్గరికి వచ్చారు.

"మరి ఏ పోలారావును ఆడిద్దామయ్యా?" అన్నారు మాస్టారు. ఆయన గొంతులో పోట్లాట లేదు. "మొదటివాడినే వెయ్యి. మాకేం పర్వాలేదు. ఇవాళ మా విక్టర్ ఓడిపోతాడులే."

"ఒద్దండి. ఫైనలు రీలే ఎయ్యమ్మా. ఆ రీలు తీసీస్తే పోలారావు గెలుస్తాడు, నానూ గెలిసీస్తాను."

సునంద వేసింది. విక్టర్ మూడో రౌండులో గెలిచాడు. విక్టర్ పక్షం వాళ్ళు ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు. అయిపోయాక ఆమె ఎవరూ అడక్కుండానే మొదటి రీలులోని తండ్రిని తెర మీదకి తెచ్చింది. ఎదురుగా ఎవరూ లేరు, ఊరికే రింగు చుట్టూ నడుస్తున్నాడు. తర్వాత లేచి వెళ్ళి, వరండాలో తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, ఆ ఇరవై నాలుగేళ్ళ మనిషిని ఆయనతోపాటు చూసింది. అసిరయ్య వాళ్ళ వెనకాల నిలబడ్డాడు. చాలాసేపటికి సునంద చెయ్యి వెనక్కి చాచి అతని మూడు వేళ్ళూ పట్టుకుంది.

* * *

స్కానింగులో గౌరి తలలో వాపు కనబడింది. రెండు నెలలు గ్లవ్స్ ముట్టుకోవద్దన్నారు. ఆ రెండు నెలలూ ఆమె అసిరయ్యతో మాట్లాడలేదు. జాతీయ శిబిరానికి వేరే ఊరి పిల్ల వెళ్ళింది. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు నూకాలమ్మ కూడా అసిరయ్యకి ఇడ్లీ పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. అతను రోజూ పొద్దున్నే వచ్చి క్లబ్బు తలుపు తీసి, చీపురు పట్టి, పోలారావును పేము కుర్చీలో కూర్చోబెట్టి, గౌరి పట్టీలు ఉతికి తీగ మీద ఆరేస్తూనే ఉన్నాడు.

అరవై రెండో రోజు పొద్దున్న గౌరి వచ్చింది. పలకరించలేదు. తీగ మీది పట్టీలు తీసుకుని చేతులకి చుట్టుకోబోయింది.

"ఆగు," అన్నాడు అసిరయ్య.

అతను వరండా మెట్టు మీద నిలబడి, కుడిచేతిని ఆమె మొహం ముందు పెట్టాడు. వేళ్ళన్నీ ముడిచి ఉన్నాయి.

"ఎన్ని?"

"మూడు," అన్నాడు కుర్చీలోంచి పోలారావు.

లోపల సంచి కొడుతున్నవాళ్ళు ఆగిపోయారు. ఎవరూ నవ్వలేదు. గౌరి పోలారావు వైపు చూసింది. తర్వాత అసిరయ్య చేతికేసి తిరిగి, తొందర పడకుండా, దాన్ని ఈ పక్కనుంచీ ఆ పక్కనుంచీ చూసింది.

"ఒక్కటీ నేదు తాతా," అంది. "ముయ్యీసి ఉంది."

అసిరయ్య చెయ్యి దించి, మెట్టు మీంచి పక్కకి తప్పుకున్నాడు.

"లోనికెల్లు," అన్నాడు. "గంట కొడతాను."